ఎల్లమ్మ జాడ

మూడో ఊళ్లో కారు ఆగేసరికే సారంగపాణికి ఒళ్లు మండిపోతోంది.

హ్యాండ్‌బ్రేకు చెడిపోయి ఏడాదైంది. ఆగిన ప్రతిచోటా భార్య శోభారాణి దిగి, డిక్కీలోంచి రాయి తీసి వెనక టైరు కింద పెట్టాలి. బయల్దేరేటప్పుడు మళ్లీ తీయాలి. ఒకప్పుడు ఇంట్లో తలుపు కొట్టుకోకుండా అతని తండ్రి అడ్డం పెట్టుకున్న రాయే అది. రెండు రోజులుగా వంగి లేచి, వంగి లేచి శోభారాణి నడుము పట్టేసింది.

ఈ తిరుగుడంతా కూతురు దీప పెళ్లి కోసం. పిల్లా పిల్లాడూ ఇష్టపడ్డారు, పెద్దలు ఒప్పుకున్నారు. తీరా ముహూర్తం పెట్టుకుందామని కూర్చున్నాక పెళ్లికొడుకు నానమ్మ అనసూయమ్మ, మీ ఇంటి ఎల్లమ్మ ఎక్కడుందని అడిగింది. సారంగపాణి హనుమకొండలో పుట్టి, అక్కడే స్టేషనరీ షాపు పెట్టుకున్న మనిషి. ఇంటి దేవత ఊసు అతనికి ఎవరు చెప్పారు గనక? ఆ ఎల్లమ్మకు బోనం పెట్టనిదే పిల్లను తెచ్చుకునేది లేదని పెద్దావిడ తేల్చేసింది. ఆదివారం దాకా చూస్తారట. రేపే ఆదివారం. దీప సరిగ్గా అన్నం తిని నాలుగు రోజులైంది.

పోయిన తండ్రి నోట విన్నవి మూడు ఊళ్ల పేర్లు. ఏది తాత పుట్టిన ఊరో, ఏది బతికిన ఊరో అడిగి తెలుసుకున్న పాపాన పోలేదు. వర్ధన్నపేట దాటాక మొదటి ఊళ్లో వాళ్ల ఇంటిపేరే ఎవరూ వినలేదు. పాలంపేట దగ్గరి రెండో ఊళ్లో ఒక పెద్దమనిషి ఎండలో గంటసేపు తిప్పి తిప్పి, ఇంకెవరి దేవతనో చూపించాడు. సారంగపాణి కోపం పట్టలేక తిరిగొచ్చి టైరు కింది రాయిని ఒక్క తన్ను తన్నాడు. బొటనవేలు వాచింది.

దీనికితోడు వెంకట్రాజం ఫోటోలు. పక్క షాపు వెంకట్రాజం ఇంగ్లండులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లాడు. తెల్ల అల్లుడు కారులో ఎక్కించుకుని తన పూర్వీకుల పల్లెలన్నీ తిప్పుతున్నాడట. ప్రతి ఊళ్లో ఒక చర్చి, పక్కన సమాధులు, రాళ్ల మీద తాతముత్తాతల పేర్లు. గంటకొకటి వాట్సాప్‌లో వచ్చి పడుతోంది.

"వాళ్లకు ఏడు తరాలు రాళ్ల మీద రాసి పెట్టిన్రు. మనకు తాత ఊరే తెల్వది," అని సారంగపాణి ఫోన్ వెనక సీట్లోకి విసిరేశాడు.

ఈ మూడో ఊళ్లో మాత్రం గట్టయ్య అని తాత పేరు చెప్పగానే, అరుగు మీద కూర్చున్న సారలమ్మ అనే ముసలమ్మ తలెత్తింది. తొంభై దాటి ఉంటుంది.

"గట్టయ్య మనుమనివా బిడ్డా? మీ ఎల్లమ్మ ఈడెందుకుంటది? మిల్లుల పనికని వరంగల్లు పోయిననాడే మీ తాత గొంగట్ల సుట్టి నెత్తి మీద పెట్టుకపోయిండు."



"ఎట్లుంటదవ్వా?" అని శోభారాణి అడిగింది.

"ఎట్లుంటది, నల్లరాయి. కొబ్బరికాయంత. కింద సాపుగ ఉంటది, పైన మూడు గీతలు. మీ మామ వాళ్ల తాత ఉలితోని కొట్టిండని చెప్పుకునేటోళ్లు."

వరంగల్, హనుమకొండల్లో తాతా తండ్రీ మారిన అద్దె ఇళ్లు పదికి తక్కువ కాదు. ఏ ఇంట్లో వదిలేశారో, ఏ మురిక్కాల్వలో పారేశారో. ఇంక ఏ ఊరు వెతకాలి? ఇంటికెళ్లి బిడ్డ మొహం ఎలా చూడాలి? సారంగపాణికి ఏడుపొచ్చింది. ఆ ఏడుపు కూడా కోపంగానే బయటికొచ్చింది. కారెక్కి స్టీరింగు మీద గుద్దాడు.

"ఇగ అయిపోయింది శోభా. పోదాం. జర ఆ రాయి తీయి."

టైరు కింద చెయ్యి పెట్టిన శోభారాణి, రాయికి పట్టిన మట్టిని కొంగుతో ఒకసారి తుడిచి, మూడు గీతలనూ వేలితో తడిమి చూసి, నిలుచున్నచోటే చెప్పులు విడిచింది.