విజిల్ వేయని డ్రైవరు

“దేవుడు లేడ్రా సీతారామయ్యా. ఉంటే ఇన్నాళ్లలో ఒక్కసారైనా కనబడడేటి?”

కుర్చీలో కూలబడుతూనే మొదలుపెట్టాడు జగన్నాథం. లోపలికి వస్తూ గుమ్మం దగ్గరే తువ్వాలుతో నుదురు గట్టిగా తుడుచుకున్నాడు. రైల్వే కాలనీ నుంచి లింగియాడీహ్ పేటలోని ఈ ఇంటి దాకా రోజూ సైకిలు తొక్కడం డెబ్బై దాటిన మనిషికి మాటలా మరి!

మంచం మీద సీతారామయ్య కళ్లు తెరిచాడు. పక్షవాతం వచ్చి ఏడాదైంది. కొడుకు దిలీప్ పేరు మరిచిపోయాడు. ఎనిమిది నెలల కిందట కోడలై వచ్చిన శ్వేతని నర్సనుకుంటాడు. పొద్దుటి నుంచీ నోట ఒక్క మాట లేదు. ఇప్పుడు మాత్రం మొహం జేవురించింది.

“కనబడకపోతే లేనట్టేనేటి? నువ్వు గార్డువి. ఆఖర్ని నీ డబ్బాలో కూకుంటావు. ముందు ఇంజను నడిపే నన్ను సూసినావా? మరి బండి ఎల్తంది గదా!”

శ్వేతకి నవ్వొచ్చింది. “అరే మావయ్యా, గార్డు మీరే కదా! డ్రైవరు బాబాయిగారు.”

సీతారామయ్య అయోమయంగా చూశాడు.

“దిద్దకు తల్లీ, పోనీ,” అని జగన్నాథం మళ్లీ అందుకున్నాడు. “డ్రైవరైతే విజిలేస్తాడు, ఇనబడతాది. నీ దేవుడు ఎప్పుడైనా విజిలేసినాడా?”

“ఏసినాడు. నీకే సెవుడు!”

అరగంట అలా సాగింది. సీతారామయ్యకి ఆయాసం వచ్చింది. శ్వేత మంచినీళ్లు పట్టించి, జగన్నాథాన్ని వరండాలోకి పిలిచింది.

“బాబాయిగారూ, రోజూ మాట్లాడించమన్నారు డాక్టరు. మానేస్తే ఉన్న మాట కూడా పోతుందన్నారు, సచ్ హై, నిజమే. కానీ రోజూ ఇదే గొడవా? పాపం, ఎంత భక్తి ఆయనకి! ఇంట్లో ఒక్క దేవుడి పటమైనా లేదని నేనే రాముడి కేలండరు కొనుక్కొచ్చి తగిలించా. ఒక్కరోజు ‘ఉన్నాడు’ అనేయండి. మీదేం పోతుంది?”

జగన్నాథం నిట్టూర్చాడు. “నాకూ ఓపిక లేదమ్మా. అనేస్తాను.”

లోపలికెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు. “ఒరే, నువ్వే గెలిసినావు. దేవుడున్నాడు.”

సీతారామయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. కాసేపు జగన్నాథాన్ని ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసి, గోడవైపు మొహం తిప్పేసుకున్నాడు. శ్వేత భయపడి “మావయ్యా, మావయ్యా” అంటూ కుదిపింది. ఊఁ లేదు, ఆఁ లేదు.

జగన్నాథం కళ్లు మూసుకున్నాడు. మళ్లీ ఆ పాత మాటే అనడానికి ప్రాణం ఉసూరుమంది.

“ఉత్తినే అన్నాన్రా. దేవుడూ లేడు, గీవుడూ లేడు.”

“ఎందుకు లేడ్రా!” సీతారామయ్య గిర్రున మొహం ఇటు తిప్పాడు. “బండి ఎవడు నడుపుతన్నాడు మరి?”

శ్వేతకి కన్నీళ్లు ఆగలేదు. జగన్నాథం వెంట గేటు దాకా వచ్చింది. “తప్పుగా అనుకున్నాను. రేపు కూడా రండి బాబాయిగారూ.”

“రాకేటి సేస్తాను! ఏడు కావస్తంది, డ్యూటీ ఉంది నాకు,” అని సైకిలెక్కాడు. రిటైరై పన్నెండేళ్లయిన మనిషికి డ్యూటీ ఏమిటో ఆమెకి బోధపడలేదు.

కాలనీ చివర రేకుల కప్పు రామమందిరం ముందు జగన్నాథం సైకిలాపాడు. కాళ్లు కడుక్కుని, జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచాడు. దీపం వెలిగించాడు. సాయంత్రం తువ్వాలుతో తుడిచేసుకున్న బొట్టు మళ్లీ పెట్టుకున్నాడు. విగ్రహాల ముందు కూర్చున్నాడు.

“నలభయ్యేళ్లు, నువ్వు లేవనే ఆడితో నీ తరఫున నేను వాదించిన మాటలే ఆడికి మిగిలినాయి సామీ.”