పదిహేడో నంబరు గీత

పదిహేడో నంబరు వాడి మాటెత్తితే చార్టు మాస్టారికి ఒళ్లు మండుతోంది. వాడి పేరేమిటో ఆయనకు తెలియదు. తెలియనివ్వరు.

కరెంటు రైలుబండి డ్రైవరు ఎదురుగా వేగం మీటరు ఉంటుంది. అందులో ఒక సూది కాగితం చుట్ట మీద గీత గీసుకుంటూ పోతుంది. ఎక్కడ పరుగెత్తించాడో, ఎక్కడ బ్రేకు వేశాడో అంతా ఆ గీతలోనే. ఆ కాగితమే చార్టు. దాన్ని జిరాక్సు తీసి, పేరూ తేదీ ఉన్న అంచు కత్తిరించి, మూలన ఒక నంబరు వేసి మాస్టారి బల్ల మీద పడేస్తారు. తప్పులు ఏరడం ఆయన పని. ఏరేవాడు తనవాళ్లను కాపాడుకోకుండా ఈ ఏర్పాటు. పై అధికారుల తప్పులు గీసే సూదిని మాత్రం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

మాస్టారు ఇరవై రెండేళ్లు బండి నడిపిన మనిషి. రంగుల పరీక్షలో ఎరుపుకూ పచ్చకూ తడబడ్డారని ఎనిమిదేళ్ల కిందట దింపేశారు. భూతద్దం చేతికిచ్చి ఈ గదిలో కూర్చోబెట్టారు. ఆ కడుపుమంట అలాగే ఉంది. దాంట్లో ఈ పదిహేడోవాడు వచ్చి ఆజ్యం పోశాడు.

మూడు వారాలుగా చూస్తున్నారు. స్టేషను దగ్గర అందరి గీతలూ మెట్లు మెట్లుగా దిగుతాయి. బ్రేకు వేస్తారు, వదులుతారు, మళ్లీ వేస్తారు. పదిహేడుది అలా కాదు. ఒక్కటే పట్టు. వెన్నలోంచి వెంట్రుక లాగినట్టు జారి సున్నా మీద ఆగుతుంది. పెట్టెలో నిలబడ్డ ముసలమ్మ కూడా తూలి ఉండదు.

ఎవడు వీడు? కనబడితే ఆ చెయ్యి విరగ్గొట్టాలనిపించింది మాస్టారికి.

ఇంట్లోనూ అదే గోల.

“వాడు బ్రేకు పట్టే తీరు చూశావంటే...”

“చూళ్లేదు, చూడను!” అంది భార్య. “పెళ్లయి ముప్పయ్యేళ్లయింది. నా గురించి ఎప్పుడైనా ఇంతసేపు మాట్లాడారా? ఆ పదిహేడునే కట్టుకోకపోయారా!”

ఆయన అనుమానమంతా రింగుల జుట్టు డ్రైవరు మీద. డ్రైవర్ల గదిలో ఎప్పుడు చూసినా వాడి చుట్టూ నలుగురుంటారు. వాడు ఏదో అంటాడు, అందరూ పగలబడి నవ్వుతారు. వాడే అయ్యుండాలి. తనిఖీ వంక పెట్టి మాస్టారు వాడి బండెక్కారు.

క్యాబిన్ తలుపు తియ్యగానే వేడెక్కిన వైర్ల వాసన, గ్రీజు వాసన. ఎడమ చేతికి వేగం హ్యాండిల్. కుడి చేతికి బ్రేకు. ఎదురుగా గాలి ఒత్తిడి మీటర్లు. కాలి కింద హారన్ పెడల్. పక్కన నిమిషానికోసారి నొక్కాల్సిన బటన్. నొక్కకపోతే డ్రైవరు నిద్రపోయాడనుకుని బండి తనంతట తనే ఆగిపోతుంది. అక్కడ కునుకు లేదు, ఒంటేలుకు పోయే దిక్కు లేదు. అయినా ఆ సీటు కోసం మాస్టారి ప్రాణం కొట్టుకుంది.

స్టేషను వచ్చింది. రింగుల జుట్టు బ్రేకు వేశాడు, వదిలాడు, మళ్లీ వేశాడు. బండి కుదుపుతో ఆగింది. మాస్టారి కుడిచెయ్యి ఉత్త గాలిలో ఏదో తిప్పింది.

“ఏంటి మాస్టారూ, దోమా?”

“నాటకాలాడకు. నేనున్నానని కావాలనే మొరటుగా వేశావు.”

“నాకొచ్చిందే అంత మాస్టారూ. మీ దగ్గర నేర్చుకునే రాత లేకపాయె.”

“కాకా పట్టింది చాలు. సిగ్నల్ చూడు.”

దొంగ, తనను చూసి పనితనం దాచుకున్నాడు. మాస్టారికి ఆ రోజు ముద్ద దిగలేదు.

మర్నాడు పదిహేడో నంబరు చార్టు మీద భూతద్దం పెట్టి అంగుళం అంగుళం గాలించారు. దొరికింది! వంతెన ముందు మలుపు. అక్కడ అరవై దాటకూడదు. గీత అరవై మూడు మీద ఉంది. పదకొండు సెకన్లు.

చిన్న తప్పే. ఒకప్పుడు ఇలాంటివి రాసి డ్రైవర్ల పొట్ట కొట్టేవాళ్ల మీద ఆయనే గేటు ముందు గొంతు చించుకుని నినాదాలిచ్చారు. ఇప్పుడు కలం ఆగలేదు. “నిర్లక్ష్యం. ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటం. ఆర్నెల్లు బండి దింపాలి.” మూడు వారాల తర్వాత ఆయనకు హాయిగా ఊపిరాడింది.

సాయంత్రం అధికారి పిలిపించాడు.

“మాస్టారూ, ఇంకోసారి ఆలోచించండి. కొత్త బ్యాచ్‌కి పాఠంగా పెడదామని నేనే ఏరిన చార్టులివి. బ్రేకు పట్టడమంటే ఇదీ అని చూపిద్దామని.”

“పాఠమా? వీడి దగ్గరా? మళ్లీ హ్యాండిల్ ముట్టుకోనివ్వకూడదండీ వీణ్ని! మీకు కావలసినవాడైతే ఆ మాట చెప్పండి.”

“నాకేం చుట్టం కాదు. ఇంతకీ ఆ మూడు కిలోమీటర్లకే ఆర్నెల్లా?”

“రాసింది రాసిందే. మార్చను. వాడెవడో పేరు తియ్యండి, ఇక్కడే సంతకం పెట్టి పోతాను.”

అధికారి సొరుగులోంచి కవరు తీసి, కత్తిరించిన అంచును మాస్టారి ముందుకు జరిపాడు.

తొమ్మిదేళ్ల కిందటి తేదీ పక్కన, డ్రైవరు గడిలో, మాస్టారి సంతకమే ఉంది.