పల్లంలో పరీక్ష

"ఆపకండి, పోనివ్వండి," అన్నాడు పక్క సీట్లోని పెద్దమనిషి.

దర్జీ స్టీరింగును రెండు చేతులా పట్టుకున్నాడు. ముందు నిట్టనిలువు పల్లం. వెనక లారీ నిండా ఇసుక బస్తాలు. ఇన్నాళ్లూ కుట్టుమిషను తొక్కిన కాలు బ్రేకు మీంచి కదలనంటోంది.

ఈ ఒక్క పరీక్ష గట్టెక్కితే చాలు, లారీ డ్రైవరు ఉద్యోగం ఖాయం. డ్రైవర్లు దొరక్క కంపెనీవాళ్లు డ్రైవింగు స్కూలు గేటు దగ్గరే కాగితాలు పట్టుకుని కాపు కాస్తున్నారు, కొత్తల్లుడి కోసం మామగారు కాసినట్టు. తప్పితే మాత్రం ఇంటికెళ్లి కుట్టుకుందామన్నా మిషను లేదు, అమ్మేశాడు.

పరీక్ష పెట్టే పెద్దమాస్టారు నోరు విప్పితే తిట్లేనని అందరూ బెదరగొట్టారు. ఈయనేమో ఎక్కిన దగ్గర్నుంచీ పల్లెత్తు మాటనలేదు. పైగా మీరు, మీరు అంటున్నాడు. దర్జీకి అదే మరీ గుబులుగా ఉంది.

"ఇంకాస్త స్పీడు."

"పల్లం కదా సార్..."

"పల్లంలోనే కదండీ అసలు సంగతి బయటపడేది!"

లారీ జారింది. పెద్దమనిషి తల వంచి, పుట్టలో పాము బుస వింటున్నవాడిలా చెవి కిందికి పెట్టాడు.

"ఇప్పుడు తొక్కండి."

తొక్కాడు. వెన్నలో వేలు దిగినట్టు బ్రేకు దిగిపోయింది. లారీ ఆగలేదు.

"సార్! పట్టట్లేదు!"

"ఊఁ," అన్నాడాయన తృప్తిగా. "ఇంకోసారి."

"చచ్చిపోతాం సార్!"

"మీ చేతిలో బండి ఉండగా చావేంటండీ! కాస్త అరవకండి, నాకు చప్పుడు వినబడట్లేదు."

కింద మలుపు. మలుపు పక్కన లోయ. ఇదేనేమో అసలు పరీక్ష అనుకున్నాడు దర్జీ. పళ్లు బిగించి ఒక్కో గేరే దించాడు. ఇంజను గావుకేక పెట్టింది. స్టీరింగు కొండవైపు తిప్పేశాడు. రోడ్డు పక్క కంకర గుట్టలో ముక్కు దూర్చి, లారీ ఒక్క కుదుపుతో ఆగింది.

"పాసేనా సార్?" అన్నాడు దర్జీ, చెమట తుడుచుకుంటూ.

పెద్దమనిషి అతన్ని ఎగాదిగా చూశాడు.

"పాసేంటండీ? పెద్దమాస్టారు పొద్దున్నే కంపెనీలో డ్రైవరుగా చేరిపోయాడు. పోతూ పోతూ బ్రేకులు చూడమంటే వచ్చిన మెకానిక్‌ని నేను. ఆయన బదులు వచ్చిన కొత్త మాస్టారు మీరు కాదూ?"