చెవిమెత్తలు

"మళ్ల గాలి పోతుందే అవ్వా!"

బాలకిషన్‌రావు తల మీది హెడ్‌ఫోన్ ఊడదీసి రేడియో డబ్బా పక్కన విసురుగా పెట్టాడు. "తబలా వస్తుంది. కుడిది టింగు టింగు అంటుంది. ఎడమది పత్తా లేదు. గీ మెత్తలు చెవుల చుట్టూ అతుక్కోవాలె. ఇంత సందున్నా గుమ్మనే సప్పుడంత బయటికే పోతది."

వంటింటి గడప దగ్గర అటుకులు చెరుగుతున్న తల్లి రుక్మాబాయి తలెత్తలేదు. "ఆ సందు నేనే పెట్టిన."

"ఏందీ?"

"చెవులకు గాలాడద్దారా? మొత్తం మూసేస్తే చెమట పడ్తది. చెమటకు చీము, చీముకు పురుగు. ఆ పురుగు మెదడుల జొర్రినంక ఏ డాక్టరు తీస్తడు?"

"గందుకని మూడు జతలు కుట్టి మూడింటికీ సందు పెట్టినవా? మూడు నెలల సంది తబలా కొట్టెటోడు ఒంటిచెయ్యోడు అనుకుంటున్న నేను!"

"అనుకో. ముందుగల్ల లేసి ధోవతి కట్టుకో. పిల్లనిచ్చెటి ఇచ్చోడోళ్లు వచ్చే యాల్లయింది. ముప్ఫై నిండినయి నీకు. గీ సంబంధం గూడ తప్పితే కొండగట్టుకు పో, బ్రమ్మచారి అంజన్న పక్కన జాగ ఉన్నదేమో అడుగు."

బాలకిషన్‌రావు మంచం మీద కదలకుండా కూర్చున్నాడు. "మెత్తలు మంచిగ కుట్టేదాక లెవ్వ. ఇచ్చోడోళ్లొచ్చినా సరే, ఢిల్లోళ్లొచ్చినా సరే."

అన్నంత పనీ చేసే రకం వాడు. రుక్మాబాయి చాట పక్కన పెట్టి దబ్బనం, మెత్తటి మేకతోలు, గుప్పెడు దూది తెచ్చుకుంది. ఉండలు లేకుండా దూది విదిలించి, చుట్టూ సమంగా కూరి, కుట్టు మీద కుట్టు వేసింది. సందు మూసే ఆఖరి కుట్టు దగ్గర ఆగింది. "రాజన్నా, పిల్లగాని చెవుల పురుగు పడకుండ చూడు. నీ గుడిల కోడెను కడత" అని మొక్కి దారం తెంపింది.

వాడు మెత్తలు తగిలించి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. తల అటూ ఇటూ తిప్పాడు. "కండ్లద్దాల కాడ జరంత సప్పుడు పోతుంది" అని అద్దాలు కూడా తీసి జేబులో వేసుకున్నాడు. అంతే, ముఖం వెలిగిపోయింది.

"వచ్చిందే అవ్వా! ఎడమది వచ్చింది! గుమ్... గుమ్..."

కళ్లు మూతపడ్డాయి. తల ఊగడం మొదలైంది. సరిగ్గా అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

"అరే, వచ్చిండ్రు! లే!" అంది రుక్మాబాయి. గుమ్ముగుమ్ములో ఉన్నవాడికి అమ్మ ఎక్కడ వినపడుతుంది? భుజం పట్టి కుదిపేలోగానే ఇచ్చోడ జనార్దన్‌రావు, ఆయన భార్య లీలాబాయి లోపలికి వచ్చేశారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఆగిపోయారు. పిల్లవాడి చెవుల మీద నల్లటి చిప్పలు, వాటి నుంచి ఒక డబ్బాలోకి తీగ.

"నమస్తే బాబూ!" అన్నాడు జనార్దన్‌రావు. తల ఊగింది గాని జవాబు లేదు. "బాబూ!" అని ఈసారి అరిచాడు. దూలం మీది పిచ్చుకలు లేచిపోయాయి. బాలకిషన్‌రావు లేవలేదు.

"చెవుల మిషను పెట్టుకున్నంక గూడ వినవడ్తలేదు" అని లీలాబాయి భర్త చెవిలో గుసగుసలాడింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

రుక్మాబాయి ఆ కన్నీళ్లు చూసింది. జాలిపడుతున్నారు! సాయంత్రానికి వేములవాడంతా చెవిటి బాలకిషన్ అంటుంది. రేపటికి కరీంనగరంతా అంటుంది. ఎల్లుండి నుంచి పిల్లనిచ్చేవాడు ఈ గడప తొక్కితే ఒట్టు!

"గది చెవుల మిషను కాదు వదినా, రేడియోది!" అని గబగబా హెడ్‌ఫోన్ పీకేసింది. "మావోనివి పాము చెవులు. కావాల్నంటే చూడుండ్రి!"

కొడుకు ముఖం గోడవైపు తిప్పింది. నాలుగడుగులు వెనక్కి నడిచి, దబ్బనం కింద పడేసింది.

"దబ్బనం పడ్డది" అన్నాడు బాలకిషన్‌రావు గోడతో. "గడప కాడి పలిగిన బండ మీద."

రుక్మాబాయి ఛాతీ విరుచుకుని చుట్టాల వైపు చూసింది. లీలాబాయి కళ్లలో నీళ్లు ఎప్పుడో ఇంకిపోయాయి. జనార్దన్‌రావు కింద పెట్టబోయిన సంచిని మళ్లీ భుజానికి తగిలించుకున్నాడు.

"పోయొస్తం అక్కా. రెండు గంటల బస్సు దొరుకుతది."

"గదేంది అన్నా! అటుకులన్న ముట్టకపోతిరి. పిల్లగానికి చెవులు మంచిగున్నయని సూపెట్టిన గద!"

"గదే వచ్చింది పరేషాన్" అన్నాడాయన నిట్టూర్చి. "మా నర్మద బంగారమసొంటి పిల్ల. కాని ఎనిమిదేండ్ల సంది హార్మోనియం ముందల పెట్టుకొని పాడుతది. బందు చెయ్యుమంటే చెయ్యది. నాలుగు సంబంధాలోళ్లు మొదటి పాటకే చెప్పులిడిసి ఉరికిండ్రు. వేములవాడల ఒక పిల్లగాడు ఎంత పిలిచినా పలుకడంట అని తెలిస్తే, దేవుడే చూపించిండని రెండు బస్సులు మారి వచ్చినం. మీవోనికి దబ్బనం గూడ వినవడ్తది. మా బిడ్డ పాటకేడ ఆగుతడు?"

ఇద్దరూ మెట్లు దిగిపోయారు. రుక్మాబాయి హెడ్‌ఫోన్‌ను తీగతో సహా లాక్కుని, వట్టికాళ్లతో వీధిలోకి పరుగెత్తింది.

"అన్నా, ఆగుండ్రి! గీ మెత్తలు నేనే కుట్టిన! ఇంత సందు గూడ లేదు! ఇవి పెట్టుకుంటే పిడుగు పడ్డా వినవడది!"