మూడో కొటేషన్

“ఈ గంగరాజు ఎవరండీ? అందరికంటే ఇతనిదే తక్కువ రేటు. ఆర్డర్ ఇతనికే ఇచ్చేయండి,” అంది డయానా.

సీనియర్ అసిస్టెంట్ లక్ష్మీకాంత్ రాస్తున్న పెన్ను పక్కన పెట్టేశాడు. భవానీపురం రేవు పక్కనున్న ఆ మత్స్యకారుల సేవాకేంద్రానికి డయానా ఆఫీసరుగా వచ్చి నెల కూడా కాలేదు. ఇంతకు ముందున్నవాళ్ళు సంతకాలు పెట్టేవాళ్ళే తప్ప చదివేవాళ్ళు కాదు. ఖర్మ కొద్దీ ఈవిడ చదువుతోంది.

“సరిగ్గా చూశారా మేడం? జయంత్ ట్రేడర్స్‌దే కదా తక్కువ?”

“జయంత్‌ది లైఫ్ జాకెట్ ఒక్కింటికి పదకొండు వందలు. గంగరాజుది నాలుగు వందలు. మీరే చూడండి.”

చూశాడు. తాను వేసింది పద్నాలుగు వందలు. ఎవరూ గుర్తుపట్టకుండా రాత వంకర చేసి మరీ వేశాడు. ఇప్పుడు ముందున్న ఒకటి అంకె లేదు. అది ఉండాల్సిన చోట కాగితం నీళ్ళలో తడిసి ఆరినట్టు ఉబ్బి ఉంది.

ఆ ఆఫీసులో చిన్న చిన్న కొనుగోళ్ళకి టెండరు అక్కర్లేదు, మూడు కొటేషన్లుంటే చాలు. ఒకటి ఎప్పుడూ జయంత్‌ది. మిగతా రెండూ ఎక్కువ రేట్లు వేసి లక్ష్మీకాంతే రాసేవాడు. వాటికి జతచేయడానికి ఆధార్ జిరాక్సులు బీరువా నిండా ఉన్నాయి. వలకనీ, పడవకనీ దరఖాస్తు పెట్టుకున్న జనం నమ్మి ఇచ్చినవి. అందులోనూ ఆయనకొక జాగ్రత్త ఉంది. చనిపోయినవాళ్ళవే ఏరి తీసేవాడు. బతికున్నవాళ్ళయితే ఏదో ఒకరోజు వచ్చి నిలదీస్తారు కదా.

గంగరాజు కిందటేడు వరదలో పోయాడు.

“ఎంత పద్ధతైన మనిషో చూడండి,” డయానా జిరాక్సు పైకెత్తింది. “‘లైఫ్ జాకెట్ కోసం మాత్రమే’ అని ఆధార్ మీద అడ్డంగా రాసి మరీ ఇచ్చాడు. ఇంకోదానికి వాడకుండా.”

అది గంగరాజు రాసిందే. తనకొక జాకెట్ ఇప్పించమని అప్లికేషన్ పెట్టుకున్నప్పుడు రాశాడు. లక్ష్మీకాంత్ బల్ల మీద ఆ అప్లికేషన్ అలా పడి ఉండగానే ఏట్లోకి వెళ్ళి మునిగిపోయాడు.

“ఇతను అంత సరుకు ఇవ్వలేడేమో మేడం. చిన్నవాడు.”

“అడిగితే తెలుస్తుంది. నంబరుందిగా, ఫోన్ చేయండి. స్పీకర్లో పెట్టండి.”

గంగరాజు పోయాడని చెబితే, ఈ కాగితం ఎవరు రాశారంటుంది. ఉద్యోగం పోతుంది, కేసు కూడా అవుతుంది. లక్ష్మీకాంత్ నంబరు నొక్కాడు. పోయినవాడి ఫోన్ ఎలాగూ మోగదులే అనుకున్నాడు.

మోగింది. ఎవరో ఎత్తారు.

“గంగరాజు గారేనా?” అంది డయానా.

ముందు పడవ అంచుకి నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు వినబడింది. తర్వాత ఒక మగగొంతు, “ఆఁ, చెప్పండమ్మా.”

“లైఫ్ జాకెట్లు ఇరవై కావాలి. సోమవారానికి తేగలరా?”

“తెస్తానండీ. మీ ఆఫీసు నుంచి ఎప్పుడు కబురొస్తుందా అనే చూస్తున్నాను.”

లైన్ కట్టయింది. లక్ష్మీకాంత్ బయటికొచ్చి మొహం కడుక్కున్నాడు. పోయినవాడి సిమ్ కంపెనీవాళ్ళు ఇంకెవరికో ఇచ్చి ఉంటారు, వాడెవడో సరదా పట్టి ఆటాడాడు, అంతే. అలా అనుకుంటే కాస్త ఊపిరాడింది. వెంటనే జయంత్‌కి ఫోన్ చేశాడు.

“సోమవారం నువ్వే ఇరవై జాకెట్లు తెచ్చి దింపు. బిల్లు మాత్రం గంగరాజు పేరు మీద. రేటులో తేడా నేను చూసుకుంటా.”

“ఎవరు సార్ ఆ గంగరాజు?”

“నీకెందుకయ్యా? తెచ్చి పడెయ్.”

సోమవారం లక్ష్మీకాంత్ ఆఫీసుకొచ్చేసరికి వరండాలో నారింజరంగు జాకెట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. డయానా వంగి లెక్కపెడుతోంది. అటెండర్ శౌరమ్మ పక్కన నిలబడి ఉంది. హమ్మయ్య, జయంత్ మాట నిలబెట్టుకున్నాడు అనుకుంటుండగానే జేబులో ఫోన్ మోగింది.

“సార్, సరుకు ఆటోలో వేశానండీ. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. ఇంకో అరగంట పట్టుద్ది,” అన్నాడు జయంత్.

లక్ష్మీకాంత్ ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని నేల వైపు చూశాడు. వరండా మెట్ల నుంచి గేటు దాకా, గేటు నుంచి రేవు దాకా తడి అడుగులున్నాయి. ఎండలో కూడా ఆరలేదు.

“ఎవరు... ఎవరు తెచ్చారు శౌరమ్మా ఇవి?”

“ఎవరో గంగరాజంటండీ. నేను గేటు తీసేసరికే మెట్ల మీద కూర్చునున్నాడు. ఒళ్ళంతా తడిసి ముద్దయిపోయి ఉన్నాడు. వాన కూడా లేదే అబ్బాయ్ అన్నాను. నవ్వాడు.”

డయానా లేచి నడుం పట్టుకుంది. “పందొమ్మిదే ఉన్నాయి లక్ష్మీకాంత్ గారూ. ఒకటి తక్కువ.”

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. “చూశారా మేడం, నేను చెప్పలేదూ? వీళ్ళని నమ్మకూడదు. మొత్తం వెనక్కి పంపించేద్దాం, ఆర్డర్ క్యాన్సిల్ చేద్దాం.”

“తీసుకునేటప్పుడు నువ్వైనా అడగొద్దా శౌరమ్మా?” అంది డయానా.

“అడిగానండీ,” అంది శౌరమ్మ. “ఆ ఒక్కటీ తన అప్లికేషన్ తాలూకుదంట, లక్ష్మీకాంత్ గారికి తెలుసంట. ఇక్కడే ఒంటికి తగిలించుకుని, ఏట్లోకి దిగిపోయాడు.”