తిరగని నడుము

బంతి నాలుగడుగులు దొర్లి ఆగిపోయింది.

"గడకర్ర మింగొచ్చావా బాబాయ్?" అన్నాడు గోల్ఫ్ కోచ్.

వరసలో ఉన్న శిష్యులు గొల్లుమన్నారు.

కొత్తగా చేరిన పెద్దాయన కూడా నవ్వాడు. మళ్లీ కొట్టాడు. భుజాలు కదల్లేదు, నడుము కదల్లేదు. చేతులొక్కటే ఊగాయి.

"ఇల్లు ఊడుస్తున్నావా? చేతుల్తో కాదయ్యా, ఒంటితో కొట్టాలి. భుజాలు వెనక్కి తిప్పు. కర్ర దిగేటప్పుడు ముందు నడుము తిరగాలి, చేతులు దాని వెంటే రావాలి. ఇలా!"

కోచ్ ఒళ్లు బొంగరంలా తిరిగింది. బంతి కంచె దాకా ఎగిరింది.

పెద్దాయన బంతిని చూడలేదు. కోచ్ నడుమునే చూశాడు.

"ఎంత బాగా తిరుగుతోంది సార్!"

"ఊరికే తిరుగుతోందా? బస్సు బోల్తా పడి విరిగిన వెన్ను ఇది. లేవడన్నారు. పంతం పట్టి లేచాను, ఎవడి సాయమూ లేకుండా. నీకేం రోగం? బద్ధకం తప్ప!"

పెద్దాయన తల దించుకున్నాడు.

వారం తిరిగేసరికి కోచ్‌కి ఓపిక అయిపోయింది.

"రేపట్నుంచి రాకు బాబాయ్. నిన్ను చూస్తే నా దగ్గర చేరేవాళ్లు కూడా పారిపోతారు."

"మూలన నిలబడతాను సార్. బంతి ముట్టుకోను. మీరు కొడుతుంటే చూసి పోతాను."

"చూడ్డానికి ఇదేమన్నా సర్కస్సా?"

పెద్దాయన కర్రను గుడ్డతో తుడిచి, దాని చోట నిలబెట్టాడు.

"నడుము జాగ్రత్త సార్" అని వెళ్లిపోయాడు.

దానికీ నవ్వారు.

కొన్నాళ్లకు కోచ్ తనకు ఆపరేషన్ చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్లాడు. వెన్ను భేషుగ్గా ఉందన్నాడాయన. ఆ హుషారులో కోచ్ ఫోన్ తీసి వీడియో పెట్టాడు.

"నా దగ్గరికి ఎలాంటివాళ్లు వస్తారో చూడండి డాక్టర్ గారూ. నవ్వలేక చస్తారు."

ఫోన్లో పెద్దాయన చేతులు ఊపుతున్నాడు. వెనకనుంచి కోచ్ గొంతు ఎగతాళి చేస్తోంది.

డాక్టర్ నవ్వలేదు.

"ఇంకా వస్తున్నాడా మీ దగ్గరికి?"

"తరిమేశాను. మీకు తెలుసా ఆయన?"

"అందుకేనన్నమాట, ఇక్కడికీ రావడం మానేశాడు. ఇల్లు కూడా ఖాళీ చేశాడట."

"ఎవరండీ?"

డాక్టర్ వీడియో ఆపేశాడు.

"ఆ నడుములో ఇనుప కడ్డీలున్నాయి, అదిక తిరగదు. మీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

"నాకెందుకు చెప్పొద్దూ?"

ఫోన్ తిరిగి ఇస్తూ డాక్టర్ మెల్లగా అన్నాడు.

"స్పృహ లేని మిమ్మల్ని బస్సు కిటికీలోంచి బయటికి తోసి, తను బయటపడేలోగా బస్సు కప్పు కింద నలిగిపోయింది ఆయనే."