రూతు కింద బండ

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఒక రేకుల షెడ్డు, అందులో పరిచిన ఒక ఆటనేల. ఆడే పిల్లల్ని బట్టి తనంతట తాను మారే నేల అది. ఇప్పుడైతే అలాంటివి వీధికొకటి ఉన్నాయి. అప్పట్లో నేను దాన్ని గంటల లెక్కన అద్దెకిచ్చేవాణ్ణి.

పిల్లలు రోజూ నేలాబండా ఆడేవారు. అక్కడక్కడా బండలు ఉబికేవి. నేల మీద దొరికినవాడు దొంగ. చక్రాల కుర్చీలో వచ్చే రూతు ఎటు వెళితే అటు, ఆమె కిందే బండ లేచేది. ఒకనాడు ఆ పిల్ల కుర్చీతో నా బల్లని గుద్దింది.

"తాతా, నా డబ్బులు నాకిచ్చెయ్. నన్నెవరూ పట్టుకోవట్లేదు. నేను ఆటలో అరటిపండునంట!"

నాకు ఒళ్ళు మండింది. ఆ నేల అమ్మిన కంపెనీ మనిషిని పిలిపించాను.

"ఓడిపోతే పాప బాధపడుతుంది కదండీ," అన్నాడు నవ్వుతూ.

"ఆటలో లేకపోతే పడదా? అందరికీ ఆట అని చెప్పి, ఈ పిల్లకి కూర్చునే చోటు అమ్మావు. ఆమె కింద బండ లేపడం మాని, బండలకి చక్రం ఎక్కే వాలు పెట్టు. బండల మధ్య దూరం మాత్రం అంగుళం తగ్గించకు. లేదా నీ నేల చుట్టబెట్టుకుని పో!"

గొణుక్కుంటూనే మార్చాడు.

ఆ సాయంత్రం రూతు బండ అంచు దాకా వచ్చి దొరికిపోయింది.

"తొండి! నా చక్రం ఎక్కేసింది!"

"ఎక్కలేదు, నువ్వే దొంగ!" అని అందరూ ఆమె మీదికి లేచారు.

పెద్ద పోట్లాట అయింది. చివరికి రూతు కళ్ళు తుడుచుకుని, పళ్ళు బిగించి, వాళ్ళ వెంట పడింది.

లెక్క చూసుకుంటే, ఆ వ్యాపారంలో నాకు మిగిలింది ఆ దొంగే.